గుడ్డ మీద అచ్చేసిన సముద్రం

గ్రంథాలయంలో మెట్ల కింద ఉన్న బైండింగ్ గదిలో ఆవిడ ఇరవై రెండేళ్ళుగా పని చేస్తోంది. వీపు ఊడిన నిఘంటువులు, పేజీలు జారిపోయిన నవలలు, ఎవరో బొమ్మలు కత్తిరించుకుపోయిన భూగోళం పుస్తకాలు అన్నీ చివరికి ఆవిడ బల్ల మీదికే చేరతాయి. పాత దారం తెంపి, ఫారాలు, అంటే కలిపి కుట్టిన పేజీల కట్టలు, విడదీసి, చిరిగినచోట పల్చటి కాగితం అతికించి, మైనం పూసిన దారంతో మళ్ళీ కుట్టి, అట్ట వేసి, ప్రెస్సులో బిగించి ఒక రోజంతా ఆరనిస్తుంది. పై అంతస్తుల వాళ్ళు ఆవిణ్ణి బైండింగ్ అక్క అంటారు. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అనే పిలుస్తారు.

పదో ఏట జ్వరం వచ్చి ఆవిడ చెవులు పోయాయి. ఎడమది పూర్తిగా, కుడిది ముప్పాతిక. కుడి చెవికి మిషను పెట్టుకుని, ఎదుటివాళ్ళ పెదవులు చూస్తూ మాట అర్థం చేసుకుంటుంది. పక్కనుంచో వెనకనుంచో వచ్చే మాట ఆవిడకి అందదు. "నా చెవులు రెండూ సెలవు మీద ఉన్నాయి, కాస్త ఇటు తిరిగి చెప్పండి" అని తనే ముందు నవ్వేస్తుంది. అలా నవ్వడం చేతనవడానికి చాలా ఏళ్ళు పట్టింది. నలుగురు చేరినచోట ఆ నవ్వు కూడా పనికిరాదు. మాట ఒకరి నోటినుంచి ఇంకొకరి నోటికి దూకుతుంటే ఆవిడ అటు తిరిగేసరికి ఇటు అయిపోతుంది. అందుకే ఇంటికి చుట్టాలు వస్తే ఏదో పని కల్పించుకుని వంటగదిలోకి తప్పుకునేది.

నాలుగేళ్ళ కిందట మరిది టీవీ మీద ఆడే వీడియో ఆట ఒకటి, డిస్కు ఉన్న పెట్టెతో సహా పట్టుకొచ్చాడు. పైవాటాలో ఉంటాడు, మందుల షాపులో పని. ఒంటరివాడు కావడంతో సాయంత్రాలు అన్నగారింట్లోనే ఉంటాడు.

"వదినా, ఇది దీవుల ఆట. పడవ నడపాలి, సరుకు ఒక రేవునుంచి ఇంకో రేవుకి చేర్చాలి. ఎక్కడెక్కడి వాళ్ళో ఆడతారు. మాటలుండవు, అందరూ టైపు చేస్తారు."

"నన్నెందుకయ్యా ఇందులోకి లాగడం?"

"అందరూ టైపు చేస్తారు అన్నాను కదా" అన్నాడు మరిది, మళ్ళీ.

అప్పుడు అర్థమైంది ఆవిడకి.

ఆటలో పేరు పెట్టుకోమంటే, వేళ్ళకి అంటుకుని ఉన్న మైదా జిగురు చూసుకుని 'జిగురు' అని పెట్టుకుంది. నెల తిరిగేసరికి ఒక జట్టు కుదిరింది. ఏడు పడవలు. మరిదిది వేరే జట్టు. ఈ జట్టుని నడిపించే మనిషి పేరు 'నిద్రమొహం'. ఆడో మగో, ఏ ఊరో ఎవరికీ తెలియదు. తెర మీద మాటలు వానలా కురుస్తుంటే అందరికంటే ముందు చదివేదీ, అందరికంటే ముందు జవాబిచ్చేదీ జిగురే. జన్మలో మొదటిసారి గుంపులో ఆవిడ వెనకబడలేదు. తన చెవుల సంగతి అక్కడ ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఎవరూ అడగలేదు.

ఆవిడ భర్త డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. "రోజంతా కొత్తవాళ్ళ పక్కన కూర్చుని బ్రేకు తొక్కి తొక్కి వస్తాను. ఇంటికొచ్చాక ఈ పడవల ఊగుడు కూడానా?" అని టీవీ గొంతు పూర్తిగా తగ్గించేసి, దానికి వీపు పెట్టి పేపరు చదువుకునేవాడు. అయినా ఏడయ్యేసరికి, "ఏమోయ్, నీ ఓడ బయల్దేరే టైమైంది" అని భుజం తట్టి చెప్పేవాడు.

రెండేళ్ళ కిందట ఆట కంపెనీ ఒక ప్రకటన చేసింది. ఉన్న సముద్రానికి ఉత్తరాన కొత్త తీరం ఒకటి రాబోతోందని, మంచు కొండలు, కొత్త రేవులు, కొత్త పడవలు ఉంటాయని. జట్టు జట్టంతా ఎగిరి గంతేసింది. వేసవిలో వస్తుందన్నారు. వేసవి వెళ్ళిపోయింది. ఏడాది చివరికన్నారు. అదీ దాటింది. మూడోసారి వాయిదా పడినప్పుడు నిద్రమొహం, "తీరం మన దగ్గరికి రాదు, మనమే ముసలివాళ్ళమై దాని దగ్గరికి పోతాం" అని రాసింది. అయినా ఎదురుచూడటంలో కూడా ఒక రుచి ఉందని ఆవిడకి ఆ రోజుల్లోనే తెలిసింది. పాత సముద్రం ఉత్తరపు అంచుకి పోయి, పడవలు వరసగా నిలిపి, ఇంకా లేని తీరం గురించి ఊహలు అల్లుకునేవాళ్ళు.

చివరికి తేదీ ఖాయమైంది. నెట్ నుంచి దించుకుంటే తెరిచిన నిమిషంలోనే లోపలికి వెళ్ళొచ్చు. పెట్టె కావాలంటే వారం పదిరోజులు ఆలస్యం. పెట్టెలో గుడ్డ మీద అచ్చేసిన పటం ఉంటుందట.

"దించుకో వదినా. ఈ కాలంలో పెట్టెలేంటి? ఇల్లంతా అట్టలు పేర్చుకోడానికా?" అన్నాడు మరిది.

"నా పదాల ఆట ఏమైందో మర్చిపోయావా?"

ఆవిడ ఒకప్పుడు నెట్‌లో ఒక చిన్న పదాల ఆట కొనుక్కుంది. ఏడాది ఆడింది. ఒక పొద్దున చూస్తే ఆట లేదు. అమ్మిన దుకాణమే మూసేశారు. కొన్నవాళ్ళ సామాను కూడా దాంతోపాటే పోయింది.

"వందేళ్ళ పుస్తకం నా బల్ల మీదికి వస్తుంది. అట్ట ఊడిపోతుంది, పురుగు కొడుతుంది, అయినా వస్తుంది. కుట్టి పంపిస్తాను. గాల్లో ఉన్నదాన్ని ఎక్కడ పట్టుకుని కుట్టను చెప్పు?"

"నీతో వాదించడం నావల్ల కాదు" అని మరిది చేతులెత్తేశాడు. ఆవిడ వెళ్ళి ఆటల దుకాణంలో పెట్టెకి పేరు రాయించుకుంది.

కొత్త తీరం తెరుచుకున్న రోజు మరిది సెలవు పెట్టాడు. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే, వరసలో మీ ముందు ఇరవై వేల మంది ఉన్నారని తెర చెప్పింది. మధ్యాహ్నానికి లోపలికి పోయాడు, పది నిమిషాల్లో బయటికి తోసేసింది. మళ్ళీ వరస. సాయంత్రానికి తలప్రాణం తోకకొచ్చింది కానీ, ఉత్తర తీరం మీద కాలు పెట్టాడు. ఆవిడ జట్టు మొత్తం అక్కడే ఉంది. ఆవిడ తప్ప.

ఆవిడ ఏడింటికి పాత రేవులో పడవ విప్పింది. నాలుగేళ్ళలో ఆ రేవుని అంత ఖాళీగా ఎప్పుడూ చూడలేదు. కట్టిన పడవ ఒక్కటి లేదు. అలలు మాత్రం వచ్చి గట్టుని తాకి పోతున్నాయి. కాస్త దిగులు వేసింది. ఆట కట్టేద్దామనుకుంటుండగా తెర మూల ఒక మాట కనిపించింది.

'ఎవరైనా ఉన్నారా? తెరచాప ఎలా దించాలి?'

గడ్డిపరక అని పేరు. ఆ రోజే మొదలుపెట్టిందట. పాత వస్తువుల కొట్లో ఆటపెట్టె కనిపిస్తే కొనుక్కుందట. ఎవరో ఆడేసి అమ్ముకున్న డిస్కు.

'అందరూ ఏరి?' అని అడిగింది గడ్డిపరక.

'కొత్త తీరానికి పోయారు.'

'మీరు పోలేదేం?'

'నా టికెట్టు పోస్టులో వస్తోంది' అని రాసింది ఆవిడ. తర్వాత తెరచాప దించడం, గాలికి ఎదురు నడపడం, ఇసుక దిబ్బ దగ్గర లంగరు వేయడం ఒక్కొక్కటే చూపించింది. గడ్డిపరక పడవని మూడుసార్లు గట్టుకి కొట్టింది. నాలుగోసారి ఆపగలిగింది. ఆ వారమంతా ఆవిడ సాయంత్రాలు అలాగే గడిచాయి. ఊరందరూ వెళ్ళిపోయిన ఇంట్లో అన్ని గదులూ తనవే అయినట్టు, ఖాళీ సముద్రంలో ఇద్దరూ తీరుబడిగా తిరిగారు.

నాలుగో రోజు మరిది కిందికి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. చెప్పాలా వద్దా అన్నట్టున్నాడు.

"ఏమయ్యా, మొహం అలా పెట్టావు?"

"ఉత్తర తీరానికి పోయే దారిలో మంచు కాలువ ఉంది వదినా. పొగమంచు కమ్మి అంతా తెల్లగా ఉంటుంది, పక్క పడవ దీపం తప్ప ఏమీ కనపడదు. గంట మోగుతుంది. అది ఎటు మోగితే అటు తిప్పాలి."

"గంట మోగినప్పుడు తెర మీద ఏమైనా కనపడుతుందా?"

"లేదు."

గోడలు లేవనుకున్న చోట గోడ తగిలినట్టయింది. రెండేళ్ళు కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూసింది దీనికోసమా అనిపించింది. "సరేలే, పాత సముద్రం ఉందిగా" అని లేచి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

పెట్టె తొమ్మిదో రోజు వచ్చింది. భర్తా మరిదీ చూస్తుండగా సీలు కోసింది. లోపల ఒక పల్చటి పుస్తకం, మడతపెట్టిన గుడ్డ పటం, ఒక చీటీ. డిస్కు లేదు. పెట్టె తలకిందులు చేసి దులిపింది. చీటీ మీద పదహారు అక్షరాలు అచ్చేసి ఉన్నాయి. వాటిని కొడితే ఆట నెట్‌లోంచి దిగుతుంది.

మరిది నవ్వు ఆపుకోవడానికి దిండు నోట్లో కుక్కుకున్నాడు. భర్త మాత్రం, "వాపసు ఇచ్చేద్దామా?" అని అడిగాడు. పెట్టె అడుగున చీమల్లాంటి అక్షరాల్లో 'డిస్కు ఉండదు' అని రాసే ఉంది. రోజూ అచ్చుకాగితం మధ్య బతికే మనిషి, ఆ ఒక్క వాక్యం చదవకుండా కొన్నందుకు ఆవిడకి తన మీదే ఒళ్ళు మండింది.

వాపసు ఇవ్వలేకపోయింది, ఆ పటం వల్ల. బట్ట నాసిరకం, అంచులు అప్పుడే పోగులు ఊడుతున్నాయి. అలా ఊడుతుంటే ఆవిడ చేతులు ఊరుకోవు. మర్నాడు పని అయ్యాక బైండింగ్ గదిలో బల్ల మీద పరిచింది. గ్రంథాలయం పటాలకి వేసినట్టే వెనక పల్చటి గుడ్డ వేసి, అంచు మడిచి కుట్టింది. కుడుతూ కుడుతూ మంచు కాలువ దగ్గరికి వచ్చేసరికి అక్కడ నలకల్లాంటి చుక్కలు కనిపించాయి. అచ్చు మరకలనుకుంది. భూతద్దం పెట్టి చూసింది. మరకలు కావు, రాళ్ళు. పద్నాలుగు. ఒక్కో రాయి పక్కన వెంట్రుకంత గీత, నీరు ఎటు లాగుతుందో చూపిస్తూ.

ఆ సాయంత్రం పదహారు అక్షరాలూ కొట్టింది. ఆట దిగడానికి రెండు గంటలు పట్టింది. ఆదివారం పగటిపూట జట్టంతా ఆవిడ కోసం పాత సముద్రపు అంచుకి వచ్చింది. మంచు కాలువలో వాళ్ళకీ సుఖం లేదు. గంట ఒకచోట మోగినట్టుంటుంది, తిప్పితే ఇంకోచోట. సగం పడవలు ప్రతిసారీ బద్దలవుతున్నాయి.

'గంట వింటూ నా వెనక రండి. జిగురూ, నువ్వు నా పక్కనే ఉండు' అని రాసింది నిద్రమొహం.

ఆవిడ వేళ్ళు మీటల మీద ఆగాయి. పక్కన కూర్చున్న మరిది ఆవిడ వైపు చూశాడు. ఏమీ చెప్పకుండా వెళ్ళి, రాయికి కొట్టుకుని, చేతకాలేదని నవ్వేయొచ్చు. అలాంటి నవ్వులు చాలా నవ్వింది. పటం ఒళ్ళో పరుచుకుని టైపు చేసింది.

'నాకు చెవులు వినపడవు. చిన్నప్పటినుంచీ.'

పంపించేసి, పటం మీది మడతలు చేత్తో సాపు చేసింది.

'అయితే గంట మోగినప్పుడల్లా మేం రాస్తాం' అన్నారెవరో.

'వద్దు. నా దగ్గర గుడ్డ పటం ఉంది. రాళ్ళన్నీ ఉన్నాయి ఇందులో. నా పడవ దీపం చూస్తూ మీరే నా వెనక రండి.'

ఏడు పడవలు మంచులోకి దిగాయి. ఆవిడ ఎడమచేతి వేలు పటం మీద ఒక్కో చుక్కా దాటుతోంది, కుడిచెయ్యి చుక్కాని తిప్పుతోంది. మూడో రాయి దగ్గర నీరు కుడికి లాగుతుందని పటం చెప్పింది, లాగింది. తొమ్మిదో రాయి దగ్గర వెనకనుంచి ఎవరో 'గంట ఎడమవైపు మోగుతోంది' అని రాశారు. 'మోగనీ' అని రాసి కుడికి తిప్పింది. భర్త పేపరు పక్కన పడేసి తెర వైపు తిరిగి కూర్చున్నాడు. తెలియకుండానే కుడికాలు నేలకేసి తొక్కుతున్నాడు, బ్రేకు మీద పెట్టినట్టు.

పద్నాలుగో రాయి దాటాక తెలుపు పల్చబడింది. నీలం కొండలు, వాటి కింద నల్లటి నీళ్ళు, దూరంగా ఒక దీపస్తంభం. ఏడు పడవలూ చెక్కు చెదరకుండా బయటపడ్డాయి. ఆవిడ చుక్కాని వదిలేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు నిద్రమొహం రాసింది. 'నాలుగేళ్ళుగా తుఫాను వచ్చినప్పుడల్లా, వెనక్కి రమ్మని నేను ఈల వేస్తున్నాను. అందరూ వచ్చేవాళ్ళు, నువ్వొక్కదానివీ దూసుకుపోయేదానివి. ఎంత పొగరు ఈ జిగురుకి అనిపించేది.'

ఆవిడకి ఆగని నవ్వు వచ్చింది. మరిదికి చూపించింది, భర్తకి చూపించింది. 'ఆటలో ఈల ఉందని ఇవాళే తెలిసింది' అని జవాబు రాసేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత జట్టులో తుఫాను వస్తే నిద్రమొహం ఈల వేయడంతోపాటు 'ఈల' అని టైపు కూడా చేస్తుంది. ఆవిడ ఒక్కోసారి వెనక్కి వస్తుంది, ఒక్కోసారి చదివి కూడా దూసుకుపోతుంది. ఇప్పుడది నిజంగా పొగరేనని జట్టంతా తీర్మానించింది. మరిది పటం అరువడిగితే, "గుమ్మం దాటదు, చూడాలంటే ఇక్కడికే రా" అంది. వచ్చే భాగానికి అసలు పెట్టే ఉండదని కంపెనీ చెప్పిందట. ఆవిడ పెదవి విరిచింది కానీ, మానేస్తానని మాత్రం అనలేదు.

నెల తర్వాత గడ్డిపరక కూడా కొత్త భాగం దించుకుంది. ఒక శనివారం సాయంత్రం ఇద్దరూ మంచు కాలువ ముందు ఆగారు. గడ్డిపరక భయపడుతోంది. ఆవిడ పటం ఒళ్ళో సర్దుకుని, 'నా పడవ వెనక దీపం కనపడుతోందా? దాన్నే చూస్తూ రా' అని రాసి, నెమ్మదిగా ముందుకి కదిలింది.