తలుపు అవతల తమ్ముడు

నా చిన్నప్పుడు మా అమీర్‌పేట వీధిలో ఏ గోడా ఏడాది పాటు ఉన్నచోట ఉండేది కాదు. వేసవిలో కంప్యూటర్ క్లాసుగా ఉన్న హాలు వానాకాలానికి అమ్మాయిల హాస్టలయ్యేది. అంతలో ఎవరో కొత్త కోర్సు పేరుతో ఇంకో బోర్డు తగిలించేవారు. గదులను అలా విడగొట్టడం, మళ్ళీ కలపడం మా మావయ్య పని. ఆయన అమ్మకు సొంత తమ్ముడు, మాతోనే ఉండేవాడు.

ఆయన దగ్గర ఒక కరెంటు రంపం ఉండేది. సనత్‌నగర్‌లో ఏదో వర్క్‌షాపు మూతబడితే సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. గుండ్రంగా తిరిగే రకం కాదు. మూతి దగ్గర జానెడు బ్లేడు ముందుకూ వెనక్కూ ఆడుతూ కోస్తుంది. బ్లేడు మారిస్తే చెక్కనీ కోస్తుంది, ఇనుమునీ కోస్తుంది. ఆదివారం పూట మావయ్య దాన్ని ముందేసుకుని కూర్చునేవాడు. ముందు ప్లగ్గు పీకి తన కళ్ళెదురుగా గచ్చు మీద పెట్టుకునేవాడు. బ్లేడు ఊడదీసి పక్కన పెట్టి, వైరును ఈ చివర నుంచి ఆ చివర దాకా వేళ్ళ మధ్య జార్చుకుంటూ ఎక్కడైనా చిట్లిందేమో చూసేవాడు. పాత టూత్‌బ్రష్‌తో గాలి రంధ్రాల్లోని పొట్టు దులిపేవాడు.

మా తమ్ముడికి అప్పుడు మూడేళ్ళు. శుభ్రం చెయ్యడం అయ్యాక స్విచ్చు నొక్కే హక్కు వాడిది. కరెంటు లేదు కాబట్టి మిషను ఉలకదు, పలకదు. వాడే నోటితో బుర్రుమంటూ, బ్లేడు లేని ఆ మూతి మీద వేళ్ళు పెట్టి మురిసిపోయేవాడు. ఇంట్లో వాడికి దాన్ని మించిన బొమ్మ లేదు.

ఒక వానాకాలం పొద్దున, నాన్న పంజాగుట్ట ఆఫీసుకు వెళ్ళిపోయాక, వీడు పడగ్గదిలోకి దూరి తలుపు వేసుకున్నాడు. అంతటితో ఊరుకోక కింది గడియను నేలలోని బొక్కలోకి దించేశాడు. తలుపేమో వానలకు ఉబ్బి ఉంది, గడియేమో తుప్పు పట్టి ఉంది. వాడి చేతులకు అది మళ్ళీ పైకి రాలేదు. కాసేపు ఆడుకున్నాడు, ఆ తర్వాత భయం వేసి ఏడుపు లంకించుకున్నాడు. అమ్మ నేల మీద పడుకుని తలుపు కింది సందులోంచి వేళ్ళు లోపలికి పెట్టింది. అవతల నుంచి వాడు ఆ వేళ్ళు పట్టుకున్నాడు.

ఏడుపు విని ఓనరమ్మ గునపంతో వచ్చింది. "గింత సోంచాయించుడెందుకు? ఒక్క దెబ్బ ఏస్తె తలుపు ఊడొస్తది. పోరడు ఏడ్సి ఏడ్సి సొమ్మసిల్లేటట్టు ఉన్నడు," అంది. మావయ్య అడ్డం నిలబడ్డాడు. "తలుపుకి ఆనుకునే ఉన్నాడండీ. ఊడితే వాడి మీదే పడుతుంది," అన్నాడు.

పడగ్గది గచ్చు హాలు కంటే ఒక మెట్టు ఎత్తు. మిషనును హాల్లో పక్కకు వాల్చి పట్టుకుంటే బ్లేడు సరిగ్గా తలుపు కింది సందులోకి పోతుంది. అవతలున్న గడియ ఊచను అడ్డంగా కోసెయ్యవచ్చు. మావయ్య ఇనుము కోసే బ్లేడు వెతికాడు. ప్లగ్గు పీకే ఉందని చూసుకుని బ్లేడు బిగించాడు, బిగిసిందో లేదో లాగి చూశాడు. "ఇప్పుడా నీ నిదానం!" అని అమ్మ కసిరింది. ఆయన మాత్రం, "అక్కా, నువ్వు ఇక్కణ్ణించి లే. వాణ్ణి ఇటు పిలవకు," అన్నాడు.

ఏడుస్తున్న పిల్లాడి చేతుల్లోంచి తల్లి వేళ్ళు లాగేసుకోమంటాడా అని నాకు మావయ్య మీద ఒళ్ళు మండింది. అప్పుడాయన అమ్మకు మెల్లగా చెప్పాడు. బ్లేడు సగం తలుపు అవతలకి వెళ్తుంది, అక్కడ ఏముందో కోసేవాడికి కనబడదు. మిషను చప్పుడు వింటే వాడు దూరం పోడు, బొమ్మ వచ్చిందనుకుని ఇంకా దగ్గరికి వస్తాడు. ఆ అలవాటు చేసింది తనేనని కూడా అన్నాడు.

అమ్మ ఇంటి పక్క సందులోకి పరిగెత్తి పడగ్గది కిటికీ దగ్గర నుంచి పిలిచింది. వాడు కిటికీ కిందున్న మంచం ఎక్కాడు. అమ్మ ఊచల్లోంచి చేతులు పెట్టి వాడి రెండు మణికట్లూ పట్టుకుంది. మావయ్య కాస్త కోసేవాడు, ఆపేవాడు, "ఉన్నాడా?" అని అరిచేవాడు. "ఉన్నాడు!" అని అమ్మ గొంతు వచ్చాకే మళ్ళీ స్విచ్చు నొక్కేవాడు. పళ్ళు పులిసిపోయే ఆ రొదకి నేను చెవులు మూసుకుని గోడకు అతుక్కుపోయాను.

ఒకసారి అడిగితే జవాబు రాలేదు. "ఇంక జరంత ఉన్నట్టుంది, కానియ్యి తమ్మీ," అంది ఓనరమ్మ. మావయ్య స్విచ్చు మీంచి వేలు తీసేసి ప్లగ్గు పీకమన్నాడు. ఆమె పీకింది. ఆ నిశ్శబ్దంలో తలుపు అవతల నుంచి చిన్న గొంతు బుర్రుమంది. బ్లేడు పక్కనే, సందులోంచి నాలుగు బుల్లి వేళ్ళు తడుముకుంటూ బయటికి వచ్చాయి.

అమ్మ పరుగున వచ్చి, "నొప్పని ఏడుస్తుంటే చూడలేక కాస్త వదులు చేశాను రా, జారిపోయాడు," అంది. మావయ్య బ్లేడు ఇవతలికి లాగి మిషను పక్కన పెట్టాడు. తర్వాత, "ఏడిస్తే ఏడవనీ అక్కా, నువ్వు మాత్రం వదలకు. నాకు కళ్ళు నువ్వే," అన్నాడు. ఓనరమ్మ గునపం గోడకు ఆనించి, "నడువు బిడ్డా, నేను సుత పట్టుకుంట," అంటూ అమ్మతో వెళ్ళింది.

ఈసారి వాడు ఇల్లెగిరిపోయేలా ఏడ్చాడు. అమ్మా ఏడుస్తూనే "ఉన్నాడు" అని అరిచింది. గడియ తెగింది, తలుపు తెరుచుకుంది. వాడి మణికట్ల మీద అమ్మ వేళ్ళ గుర్తులు ఎర్రగా తేలాయి. అమ్మ వాటినే ముద్దు పెట్టుకుంటూ కూర్చుంది. మావయ్య మటుకు ప్లగ్గు పీకి, బ్లేడు ఊడదీసి, గోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. మగవాళ్ళు అలా ఏడుస్తారని నాకు ఆ రోజు దాకా తెలియదు.

ఇప్పుడు నాకు పదో తరగతి చదివే కూతురుంది. కోపం వస్తే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంటుంది. నా నోరు మంచిది కాదని ఇంట్లో అందరూ అంటారు, నిజమే. తలుపు ఇవతల నిలబడి అన్నీ న్యాయమైన మాటలే అంటాను, ఒక్కటీ అబద్ధం ఉండదు. కానీ మధ్యలో ఆగి, "అమ్మలూ, ఉన్నావా?" అని అడుగుతాను. చాలాసార్లు "ఆఁ, ఉన్నా" అని విసురుగా జవాబొస్తుంది. ఆ విసురు వింటే నాకు ప్రాణం కుదుటపడుతుంది. కొన్నిసార్లు ఏమీ రాదు. అప్పుడు చెప్పాల్సింది ఇంకా ఎంత మిగిలి ఉన్నా నోరు మూసుకుని గుమ్మం దగ్గర కూర్చుండిపోతాను. దాని గొంతు వినపడేదాకా ఇంకో మాట మొదలుపెట్టను.