మూడోది ఎవరని భయపడ్డ అత్త

రెండు వేల తొమ్మిది. జగిత్యాలలో నేను స్టాఫ్ నర్సుగా చేసిన ఆ ప్రైవేటు ఆస్పత్రి ఇప్పుడు లేదు, పేరు మనకెందుకు. దుబాయి, మస్కట్ పోయినవాళ్ళు పనుల్లేక అక్కడే ఇరుక్కుపోయిన రోజులవి. కాన్పుకొచ్చిన ఆడవాళ్ళ పక్కన భర్త కనబడేవాడు కాదు, తల్లో అత్తో ఉండేది.

నర్సులకు మూఢనమ్మకాలుండవనుకుంటారు జనం. అయ్యో రామ! మాకున్నన్ని ఎవరికీ లేవు. డ్యూటీలో "ఇయ్యాల పని తక్కువుంది" అని నోరు జారామా, చచ్చామే, వార్డు నిండిపోతుంది. డిశ్చార్జి అయ్యేవాళ్ళు అలవాటుకొద్దీ "పోయొస్త సిస్టర్" అంటే, "మళ్ళ రాకు తల్లీ, పో!" అని కసురుతాం. అన్నిటికంటే గట్టి నమ్మకం ఇంకొకటుంది. వార్డులో ఇద్దరు పోతే మూడో మనిషి కూడా పోవాల్సిందే, చావులు మూడు మూడుగా వస్తాయని.

ఆ వారం మా వార్డులో ఇద్దరు పోయారు. అందరం బిక్కుబిక్కుమంటున్నాం. పొద్దున హ్యాండోవర్ జరుగుతోంది, అంటే ఒక డ్యూటీ వాళ్ళు ప్రతి మంచం దగ్గరా నిలబడి రోగి సంగతి తర్వాతి డ్యూటీకి అప్పజెప్పడం. సుజాత మంచం దగ్గరికొచ్చాం. రాయికల్ పిల్ల, బీడీలు చేసేది. ఎక్లాంప్సియా కేసు. బీపీ పెరిగి కాన్పప్పుడు ఫిట్స్ రావడాన్ని అలా అంటారు. ముందురోజే ఆడపిల్ల పుట్టింది. ఫిట్స్ మళ్ళీ రాకుండా మాగ్‌సల్ఫ్ అనే మందు ఇంకా ఎక్కుతోంది, అది మధ్యలో ఆపితే ప్రాణం మీదికొస్తుంది. భర్త మస్కట్‌లో ఉన్నాడు, కంపెనీ పాస్‌పోర్టు ఇవ్వక రాలేకపోయాడు.

మా సీనియర్ స్వరూప సిస్టర్ బీపీ చూసి మా వైపు తిరిగింది. "రెండైనయ్ గదా. ఇగ మూడోది ఎవలో ఏమో, జర కనిపెట్టుకోని ఉండుండ్రి" అంది. జాగ్రత్త చెప్పాలనే ఆమె ఉద్దేశం. తలూపి పక్క మంచానికి పోయాం. అక్కడే కూర్చుని గిన్నెలు సర్దుకుంటున్న సుజాత అత్త రాజవ్వను ఎవరం పట్టించుకోలేదు.

తిరిగి బీపీ చూద్దామని వెళ్తే మంచం ఖాళీ! సెలైన్ పైపు వేలాడుతోంది, దుప్పటి మీద రక్తం చుక్కలు. పసిపిల్ల కూడా లేదు. గేటు దాకా ఉరికాను.

"ముసలామె కోడల్ని ఆటోల ఎక్కిచ్చుకోని కోరుట్ల దిక్కు పోయింది" అన్నాడు వాచ్‌మన్.

వెనక ఎవరిని పంపాలా అని మేం తర్జనభర్జన పడుతుండగానే ఆ ఆటో వెనక్కి వచ్చింది. డ్రైవర్ ఖాజా దిగకముందే అరిచాడు. "జల్దీ రాండ్రి సిస్టర్! తొవ్వల ఫిట్స్ అచ్చినయ్. ముసలామె వద్దన్నా నేనే మలిపిన!"

సుజాత నాలుక కొరుక్కుంది, నోటి నిండా రక్తం. ఆక్సిజన్ పెట్టి, మందు మళ్ళీ ఎక్కించి, డాక్టరుగారు ఫిట్స్ ఆపేసరికి మాకు చెమటలు పట్టాయి. కానీ ఆ పిల్లకు తెలివి రాలేదు. నాకు కోపం ఆగలేదు.

"ఏందవ్వా గీ పని? పిల్లను సంపుదామనుకున్నవా?"

"నేనా?" అంది రాజవ్వ. "మీరే అంటిరి గదా సిస్టరమ్మా, మూడోది పోతదని. గది నా కోడలే గావచ్చని కోరుట్ల దవాఖానకు తీస్కపోయిన. ఈడికెల్లి బయటవడితె గా లెక్కల ఉండది గదా."

స్వరూప సిస్టర్ మొహం పాలిపోయింది. "గది ఉట్టి మాట అవ్వా. మేం గట్లనే అనుకుంటం."

"సదువుకున్నోళ్ళు ఉట్టిగ ఎందుకంటరు?"

నా చేతుల్లో మనవరాలిని పెట్టి, పక్కనున్న ఖాళీ మంచం ఎక్కి రాజవ్వ వెల్లకిలా పడుకుంది. "మూడోది నన్ను రాసుకోండ్రి. నా కొడుకు అచ్చేటాల్లకు నా కోడలు ఉండాలె."

స్వరూప సిస్టర్ ఆమె చేయి పట్టుకుని బావురుమంది.

మంచం దగ్గర నర్సు అన్న ప్రతి మాటా రోగి వాళ్ళకు డాక్టరు మాటే. మా బెదురు తీర్చుకోవడానికి మేమనుకునేది వాళ్ళకు తీర్పులా వినబడుతుంది. ఆ తర్వాత హ్యాండోవర్‌లో చావు లెక్క ఎవరు ఎత్తినా నోరు మూయించాను.

ఎంత బతిమాలినా రాజవ్వ మాత్రం లేవలేదు. సాయంత్రానికి సుజాత కళ్ళు తెరిచి "అత్తా" అన్నాకే ఆ మంచం దిగింది.