నీలం బిందె, కొండగాలి

ఆ రోజుల్లో ప్లాస్టిక్ అంటే చెత్త కాదు, పరువు. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఎనభైల మొదట్లో ఆత్మకూరు బజారులో ప్లాస్టిక్ సామాన్ల అంగడి ముందు మేము పెళ్ళికూతుర్ని చూసినట్టు నిలబడి చూసేవాళ్ళం. నా పెళ్ళికి మా నాయన మంచం, బీరువాతో పాటు ఒక నీలం రంగు ప్లాస్టిక్ బిందె కొన్నాడు. ఎవరూ మార్చేయకుండా మేకు కాల్చి దాని అంచు మీద నా పేరులో మొదటి అక్షరం కూడా వేశాడు. నేను ఉదయగిరికి కాపురానికి పోయేటప్పుడు సామానంతా బస్సు టాపు మీదికి ఎక్కింది, బిందె మాత్రం నా ఒళ్ళో కూర్చుంది. (దానికి చోటు చాలక మా ఆయన సగం దారి నిలబడే వచ్చాడు. ఆ మాట ఇప్పటికీ దెప్పుతాడు.)

ఆ బిందెను చూసి మా అత్త మూతి ముప్పై వంకలు తిప్పింది. ఆమెకు ఇత్తడి బిందె ఒకటి ఉండేది, కాపురానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్నది. దాని పక్కన ఒక సొట్ట. ఆ సొట్ట ఆమె నడుము ఒంపులో కుదురుగా కూర్చునేది. పాత ఇత్తడికి కొత్త ప్లాస్టిక్ ఇచ్చే సైకిలాయన వీధి మొదట్లో కేక వేస్తే చాలు, ఆమె వాకిలి మూసేసేది. నేను ఊరుకుంటానా? ఇది ఇచ్చేస్తే తేలికవి రెండు బిందెలొస్తాయి, రంగు రంగుల చెంబు కూడా వస్తుంది అని చెవిలో పోరేదాన్ని. "నేను బతికుండగా ఈ బిందె ఇల్లు దాటేది నీళ్ళకే" అనేది అత్త. మా ఆయన ఎప్పటిలాగే గోడ మీద పిల్లి.

వీధికంతటికీ ఒకటే బోరింగు. ఎండాకాలంలో ఎంత కొట్టినా దారంలాగా వచ్చేవి నీళ్ళు, కాసేపటికి అవీ ఆగిపోయేవి, మళ్ళీ ఊరేదాకా కాచుకోవాలి. అందుకని అందరూ తెల్లారే బిందెలు వరసగా పెట్టి, ఇళ్ళకు పోయి పనులు చూసుకునేవాళ్ళు. వరస బిందెది, మనిషిది కాదు. బిందె ఉంటే మనిషి లేకపోయినా చెల్లుతుంది, వట్టి మనిషి నిలబడితే చెల్లదు. ఈ చట్టాన్ని కాపాడేది బోరింగుకు ఎదురింటి సాయిబుల పెద్దామె, పిన్నిని వాళ్ళు పిలిచే మాటతోనే అందరం ఆమెను బోరింగు ఖాలా అనేవాళ్ళం. తల వంచుకొని బియ్యం ఏరుకుంటూనే ఎవరి బిందె ఎవరి వెనకాల ఉందో కనిపెట్టి ఉండేది. నా నీలం బిందె ఆ వరసలో చేరిన కొత్తలో ఆడవాళ్ళంతా ఎత్తి చూసి, తట్టి చూసి ముచ్చటపడ్డారు. ఏడాది తిరిగేసరికి వరసలో సగం ప్లాస్టికే. వీధికి నాగరికత నేర్పింది నేనేనన్నట్టు తిరిగేదాన్ని.

ఒక శనివారం సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరయ్యతో పాటు సంఘమంతా వస్తుంది, అందరికీ భోజనాలు. ఇంట్లో నీళ్ళ తొట్టి అడుగంటింది. కూడిక ఉందని ఖాలా కనికరించి, మా వరస వచ్చినప్పుడు తొట్టి నిండేదాకా పట్టుకోమంది. ఇత్తడి బిందె పెడతానని అత్త అంటే నేను ఒప్పుకోలేదు. నీళ్ళన్నీ నా బిందెతోనే తెస్తానని పంతం పట్టి, దాన్నే వరసలో పెట్టి వచ్చాను.

మధ్యాహ్నం కొండ మీది నుంచి సుడిగాలి దిగింది. నేను ఉల్లిపాయలు తరుగుతుండగా వీధిలో గోల లేచింది. బయటికి వచ్చి చూద్దును కదా, ఎరుపు, పచ్చ, గులాబీ బిందెలు వీధి పొడుగునా దొర్లుతున్నాయి, వాటి వెనకాల ఆడవాళ్ళు కొంగులు బిగించి పరిగెత్తుతున్నారు. నా బిందె అందరికంటే ముందుంది. చాపల అంగడి దాటింది, టీ కొట్టు దాటింది. బస్సు కోసం కూర్చున్న మగవాళ్ళు లేచి దారి ఇచ్చారు గానీ, ఒక్కరూ పట్టుకోలేదు. వెనకాలే నేను, కొత్త కోడల్ని, ఉల్లిపాయల కళ్ళతో, చేతిలో కత్తితో. (నేను వస్తున్నాననే పక్కకు తప్పుకున్నారని తరువాత తెలిసింది.) ఊరి చివర తుమ్మ చెట్ల దాకా పోయి, అక్కడ అది కంటికి కనపడకుండా కాలికి బుద్ధి చెప్పింది.

ఉత్త చేతులతో తిరిగి వచ్చేసరికి అందరి బిందెలూ దొరికాయి. మట్టి కుండలు, సత్తు బిందెలు కదలకుండా ఉండబట్టి ఖాలా వరస మళ్ళీ నిలబెట్టింది. నా చోటు మాత్రం పన్ను ఊడిన చిగురులాగా ఖాళీ.

"బిందేదమ్మే? బిందె లేందే వరస లేదు" అంది ఖాలా.

ఇంట్లో చుక్క నీళ్ళు లేవు, సాయంత్రానికి సంఘమంతా వస్తుంది, అత్త ముందు తల దించుకోవాలి. నాకు మొండితనం పొడుచుకొచ్చింది. ఆ ఖాళీలో గొంతుక్కూర్చుని రెండు చేతులూ నడుముకు పెట్టుకున్నాను.

"నేనే బిందె అనుకో ఖాలా. కావాలంటే ఎత్తి పక్కన పెట్టు, చూద్దాం."

ఖాలా చట్టంలో వట్టి మనిషి నిలబడితే చెల్లదని ఉంది గానీ, కూర్చుంటే చెల్లదని లేదు. వెనకామె గొణిగింది, ముందామె నవ్వింది. వరస జరిగినప్పుడల్లా నేనూ కూర్చున్నట్టే ముందుకు జరిగాను. అలా జరిగి జరిగి బోరింగు కిందికి చేరాక గానీ నాకు తట్టలేదు, నీళ్ళు పట్టడానికి ఏమీ లేదని.

అప్పుడు జనం పక్కకు తొలిగారు. అత్త వస్తోంది, చంకలో ఇత్తడి బిందె. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను. ఆమె నా వైపు చూడనైనా చూడకుండా బిందెను గొట్టం కింద ఠంగుమని పెట్టి, అందరితో అంది:

"మా కోడలు వరసలోనే ఉండాది. కొట్టండి."

వెనకామె బోరింగు కొట్టింది. నిండిన బిందెను తనే ఎత్తి నా నడుము మీద పెట్టింది. ప్రాణం పోయేంత బరువు. కానీ ఆ సొట్ట నా నడుముకూ సరిపోయింది. ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది, ఉల్లిపాయల మీదికి నెట్టేశాను. దారిలో అత్త, "తేలికదంటివి గదా. పొయ్యేదానికీ తేలికే" అంది. అంతకు మించి ఏ రోజూ ఆ మాట ఎత్తలేదు.

మర్నాటి నుంచి వీధిలో కొత్త పద్ధతి వచ్చింది. గాలికి పోకుండా ప్రతి ప్లాస్టిక్ బిందెలో ఒక రాయి. తేలికని కొనుక్కొని బరువుకు రాయేసుకుంటున్నారని అత్త పడీ పడీ నవ్వింది. అయినా గెలిచింది ప్లాస్టికే. ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే సైకిలెక్కి పోయాయి, మాది తప్ప.

ఇప్పుడు చాపల కోసం స్టీలు డబ్బా తీసుకుపోతాను, పప్పు ఉప్పులకు గుడ్డ సంచి. "ఏందవ్వా, కవర్లో ఇస్తే ఏం పోయె?" అంటాడు అంగడి పిల్లోడు. డబ్బాలో వేసిందాకా కదలనని అక్కడే కూర్చుంటాను. కూర్చోవడం నాకేమీ కొత్త కాదు గదా. వీధికి మొదటి ప్లాస్టిక్ తెచ్చినదానివి నువ్వే కాదా అని మా ఆయన ఎత్తిపొడుస్తాడు. నేనే. అందుకే కూర్చుంటాను.

అత్త చనిపోయిన ఏడాది, ఊరి చివర తుమ్మ చెట్ల కింద చిరిగిన కవర్ల మధ్య నీలం ముక్క ఒకటి కనపడింది. మట్టి తుడిచి చూస్తే అంచు మీద నా అక్షరం. అత్తను మట్టి చేసి వచ్చాం, దీన్ని మాత్రం ఇన్నేళ్ళయినా మట్టి ముట్టుకోలేదు. బిందెను ఒళ్ళో పెట్టుకొని బస్సెక్కిన ఆ పిల్ల కళ్ళ ముందు మెదిలి నవ్వొచ్చింది.

ముక్కను ఇంటికి తెచ్చి ఇత్తడి బిందెలో వేశాను. ఈసారి గాలికి పోకుండా.