వైపర్ మీద ఏడు దసరాలు

మా కారు వైపర్లు అద్దం మీద ఒకసారి అటు పోయి ఇటు వచ్చేలోపు నేను మనసులో ఎనిమిది దాకా లెక్కపెట్టేదాన్ని. ఎండాకాలంలో దుమ్ము తుడిచేటప్పుడు అది తమాషాగానే ఉండేది. మొదటి వాన పడిన రోజు తమాషా పోయింది. ఆ రోజు బాపు నన్ను డ్యూటీ నుంచి తీసుకొస్తున్నాడు. భూపాలపల్లి దాటగానే ఎదురుగా వచ్చిన బొగ్గు లారీ రోడ్డు మీది నల్లనీళ్లన్నీ మా అద్దం మీద కొట్టింది. వైపర్ సగం దాకా లేచి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగింది. బాపు కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటూ కారును మెల్లగా రోడ్డు పక్కకు తీశాడు.

వాన తగ్గేదాకా అక్కడే కూర్చున్నాం. చివరికి అన్నాడు: "గీ కారుల నిన్నొక్కదాన్ని ఎట్ల పంపాలె బిడ్డా?"

నేను భూపాలపల్లిలో ఒక ప్రైవేటు దవాఖానలో కంప్యూటర్ ముందు కూర్చుని పేషంట్ల చీటీలు తీస్తాను. వచ్చే సోమవారం నుంచి నా డ్యూటీ సాయంత్రానికి మారుతోంది. పని అయ్యేసరికి మా ఊరి దగ్గరి మొగుళ్లపల్లి వైపు ఆఖరి బస్సు వెళ్లిపోతుంది. నాట్లు మొదలైతే బాపుకు రోజూ రావడం కుదరదు. నాకు డ్రైవింగ్ వచ్చు, లైసెన్సు ఉంది. వైపర్లు బాగైతే కారు తాళంచెవి నాకిస్తాడు, లేకపోతే ఉద్యోగం మానుకోవాలి. ఈ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అందరికీ తెలుసు.

మరునాడు ఇద్దరం మొగుళ్లపల్లిలో మెకానిక్ షెడ్డుకు పోయాం. అక్కడి అన్న బానెట్ ఎత్తి, స్విచ్ వేయించి, మోటరు మూలుగు విని, ఒక్క చూపు చూశాడు.

"మోటర్ పోయింది కాకా. గీ మోడల్ బందయి శాన దినాలాయె. వరంగల్ల వెతకాలె. పదిహేను దినాలన్న పడ్తది."

"పదిహేను దినాలా? సోమారం వరకు గావాలె."

"సోమారానికి నేనేమన్న మోటర్ కంటనా కాకా?"

బాపు నవ్వలేదు. నేను వెనక నిలబడి వింటున్నాను. మోటరు నిజంగా పోతే అంత గట్టిగా ఎందుకు మూలుగుతోందని అడగాలనిపించింది. అడగలేదు. నా సంగతి ఎప్పుడూ అంతే. అడగాల్సినవి నోట్లో పెట్టుకుని ఇంటికొచ్చి డైరీలో రాసుకుంటాను. ఆ రోజు ఇట్లా రాశాను: "మోటరు ఏడుస్తోంది గానీ కదలడం లేదు. అంత ఏడవగలిగేదానికి బలం లేదని ఎట్లా అనుకోవాలి? దాన్ని ఎవరో పట్టుకుని ఆపుతున్నారేమో."

రాసిన తరువాత అది నన్ను వదల్లేదు. నేను పదో తరగతిలో ఉన్నప్పుడు జనగామలో ఒక సారు దగ్గర కొన్న కారది. ఆయన ఇచ్చిన పుస్తకం ఇంకా సొరుగులో ఉంది. మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. వైపర్ గురించి ఒకటే పేజీ, అదీ రబ్బరు మార్చడం గురించి. తరువాత ఫోన్‌లో వీడియోలు వెతికాను. ఒకదాంట్లో మనిషి కనపడడు, చేతులు మాత్రమే కనిపిస్తాయి. భాష అర్థం కాకపోయినా చేతులు అర్థమయ్యాయి. మూడుసార్లు చూశాను. మోటరు ఒక ఇనుప బద్దను తోస్తుంది. ఆ బద్ద రెండు చిన్న కడ్డీలను తిప్పుతుంది. ఒక్కో కడ్డీ తలమీద ఒక్కో వైపర్. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లుగా అద్దం కింద, నా ముందే దాక్కుని ఉందా అనిపించింది.

శనివారం సెలవు పెట్టాను. బాపు పొలానికి పోగానే ట్రాక్టరు పానాల డబ్బా తెచ్చుకున్నాను. బ్యాటరీ వైరు తీశాను. వైపర్లు అద్దం మీద ఎక్కడ ఆగుతాయో గుర్తుండాలని రెండు బొట్టుబిళ్లలు అంటించాను. అవ్వ వాకిట్లో పల్లికాయ ఒలుస్తూ చూసింది. మా అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం.

"కారుకు బొట్టు పెట్టి పెండ్లి చేస్తున్నవా ఏందే?"

"గుర్తుకోసం అవ్వా."

"మీ బాపు వచ్చినంక ఆ గుర్తులు నీ ఈపు మీద ఉంటయి."

వైపర్లు ఊడదీసి, అద్దం కింది ప్లాస్టిక్ పలక లేపి, మోటరు నుంచి బద్దను విడదీశాను. అప్పుడు ఒక్కో కడ్డీని చేత్తో తిప్పి చూశాను. ఎడమది తిరిగింది. డ్రైవరు వైపుది రెండు చేతులతో తిప్పినా కదల్లేదు.  మోటరు తప్పేమీ లేదు. పట్టుకుని ఆపుతున్నది ఇదే.

ఆ కడ్డీ చుట్టూ నల్లటి ముద్ద, రేగుపండంత. గుండుసూదితో గీకడం మొదలుపెట్టాను. పైన నలుపు. దాని కింద సన్నటి పసుపు గీత, కొంచెం కుంకుమ. మళ్లీ నలుపు, అందులో పత్తి నూగు. మళ్లీ పసుపు. ఒక దగ్గర వడ్లపొట్టు రాయిలా గట్టిపడి ఉంది. పొరలు లెక్కపెడితే ఏడు. అప్పుడు అర్థమైంది. మేము ఈ కారు కొన్నాక వచ్చిన దసరాలు ఏడు.

ప్రతి దసరాకు బాపు ట్రాక్టరును కడిగి గ్రీసు గన్నుతో ప్రతి కీలుకూ గ్రీసు కొడతాడు. మిగిలినదాన్ని ప్రేమగా కారుకు కూడా రెండు దెబ్బలు కొడతాడు, వైపర్ మొదట్లో. దానిమీద అవ్వ పసుపు కుంకుమ పెడుతుంది. ట్రాక్టరుకైతే గ్రీసు తాగే చిన్న మూతి ఉంటుంది, గన్ను నొక్కితే గ్రీసు లోపలికి పోతుంది. కారుకు అక్కడ మూతే లేదు. గ్రీసంతా పైనే కూర్చుని దుమ్ము తిన్నది. లోపల కడ్డీ ఎండిపోయి తుప్పు పట్టింది.

కడ్డీని పట్టి ఉంచే చిన్న రింగు తీస్తుంటే ఎగిరి కోళ్లలో పడింది.

"మింగిందా ఏంది?" అని అవ్వ లేచింది. ఇద్దరం పల్లిపొట్టులో వెతికితే దొరికింది. డీజిల్ పోసి నానబెట్టి, మెల్లగా తట్టి కడ్డీని బయటికి తీశాను. గరుకు కాగితంతో దాని తుప్పు రుద్దుతుండగా బాపు వచ్చాడు. గోనెసంచి మీద పరిచిన సామాను చూసి చెప్పులు కూడా విడవకుండా నిలబడిపోయాడు.

"ఇప్పిన దాన్ని బిగిచ్చుడొస్తదా నీకు?"

"వస్తది బాపు."

వంగి కడ్డీ చూశాడు. "ఎండిపోయింది గదనే. గ్రీసు సాలలే. ఆగు, గన్ను తెస్త. గట్టిగ నాలుగు దెబ్బలు కొడ్త."

నేను ఆయనను ఎప్పుడూ ఏ పనిలోనూ వద్దనలేదు. ఆయన గన్ను తెచ్చి, కడ్డీ పైభాగాన పెట్టబోతుంటే చేయి అడ్డం పెట్టాను.

"వద్దు బాపు."

"ఎందుకు?"

"ఆ గ్రీసు లోపటికి పోతలేదు. ఏడేండ్ల సంది పైననే ఉన్నది. గదే గట్టిపడి పట్టుకున్నది."

చెప్పేశాక తల వంచుకున్నాను. బాపు ముద్దను వేళ్ల మధ్య నలిపి, పసుపు గీతలు చూశాడు.

"అంటే దీన్ని బిగబట్టింది నేనేనా?"

"నా పసుపు కూడ ఉన్నదిలే, నువ్వొక్కనివే కాదు," అంది అవ్వ వాకిట్లోంచి.

"మరి ట్రాక్టర్ మంచిగనే నడుస్తది గద?"

"దానికి మూతి ఉన్నది బాపు. దీనికి లేదు. దీన్ని ఇప్పి, కడ్డీకి జర రాసి, మల్ల పెట్టాలె."

"జర అంటె?"

చిటికెనవేలు చూపించాను. ఆయన గన్ను కింద పెట్టి, దాని కొసన ఉన్న గ్రీసును చిటికెనవేలికి అంటించుకుని, తుడిచిన కడ్డీకి మొదటి నుంచి చివరిదాకా సన్నగా పూశాడు. నేను దాన్ని లోపలికి తోసి తిప్పాను. ఒక్క వేలితో తిరిగింది. ఎడమదానికీ అట్లాగే చేశాం. బద్దను మోటరుకు తగిలించి, బొట్టుబిళ్లల దగ్గరికి వైపర్లు బిగించి, బ్యాటరీ వైరు కలిపి స్విచ్ వేస్తే, అవ్వ పోసిన చెంబెడు నీళ్లు రెండు ఊపుల్లో పోయాయి. బాపు తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం మబ్బు కమ్మింది. "నడువు, నువ్వే తోలు," అన్నాడు. భూపాలపల్లి రోడ్డెక్కి సగం దూరం పోయేసరికి వాన దంచింది. లారీ ఎదురొచ్చినప్పుడు ఆయన చేయి డాష్‌బోర్డు మీదికి పోయింది. నల్లనీళ్లు అద్దాన్ని కప్పాయి. ఒకటి అని లెక్కపెట్టేలోపే రోడ్డు కనిపించింది. ఆయన చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

తిరిగి వస్తూ మొగుళ్లపల్లి హోటల్ ముందు ఆపమన్నాడు. వాన ఇంకా పడుతూనే ఉంది. మా ఊరు అక్కడికి నాలుగు కిలోమీటర్లు. తలుపు తీసి, కండువా తలమీద వేసుకుని దిగాడు.

"నువ్వు పో. నేను చాయ తాగి, ఎవ్వలదన్న బండి మీద వస్త."

"వానల ఎట్లొస్తవు బాపు?"

"నాకేం పరేషాన్ లేదు. నువ్వు నిమ్మలంగ పో."

తలుపు వేసి హోటల్ రేకుల కిందికి ఉరికాడు. గేరు వేయబోతూ చూస్తే, చాయ చెప్పకుండా ఇటే తిరిగి నిలబడి ఉన్నాడు. నేను బండి కదిలించాను.