కదలని పారిస్

ఈ రోజు పార్సిప్పనీలో మా ఇంటికి భోజనానికి వచ్చినవాళ్ళకి తెలుగు క్యాసెట్ దొరకక, లైబ్రరీ నుంచి తెచ్చిన పాత ఫ్రెంచ్ మూకీ కామెడీ వేశాను. అందులో ఒక సైంటిస్టు ఏదో కిరణం వదిలి, పారిస్ మొత్తాన్ని ఎక్కడివాళ్ళను అక్కడే బిగుసుకుపోయేలా చేస్తాడు. సరిగ్గా అక్కడ, ఎవరికీ చెప్పకుండా వీసీఆర్ పాజ్‌లో పెట్టి గారెలు వేయడానికి వెళ్ళాను. మొదటి వాయితో తిరిగొచ్చేసరికి అందరూ ఆగిపోయిన బొమ్మనే ఊపిరి బిగబట్టి చూస్తున్నారు.

"అదీ..." అనబోయాను.

"ష్! ఇంకా ఎవరూ కదల్లేదమ్మా," అన్నారు పక్క అపార్ట్‌మెంట్ మూర్తిగారు. "ఇంతసేపు నిలబెట్టాడంటే డైరెక్టర్ గట్టివాడే!"

చాటుగా రిమోట్ నొక్కాను. చప్పట్లు కొట్టారు.

వెళ్తూ వెళ్తూ మూర్తిగారు, "కదిలాక కాస్త పలచబడింది గానీ, ముందు భాగం అద్భుతం. వచ్చే శనివారం మళ్ళీ వెయ్యండి," అన్నారు.

పాజ్‌లో ఎంతసేపు ఉంచానో గుర్తులేదు. ఏం చేయమంటారు?