ఫిలిప్పీన్స్ చిత్రకారుడికి కలం నేర్పింది మా అక్క

తనకు కలంకారీ నేర్పింది నేనేనని ఫిలిప్పీన్స్ చిత్రకారుడు పత్రికలో చెప్పినప్పుడు నేను కాదనలేదు. ఆయన శ్రీకాళహస్తిలో మా ఇంట్లో ఉన్న ఆరు నెలలూ నేను మాటలు చెప్పానంతే. కరక్కాయ రసంలో, గేదెపాలలో గుడ్డ నానబెట్టడం, కలానికి చుట్టిన ఉన్నిని నొక్కి నల్లరంగు దించడం అన్నీ నేర్పింది మా అక్క. ఆయన గీసే సముద్రపు అలల్లో ఇప్పటికీ అక్క వేసే చీర మడతలే కనిపిస్తాయి.

మొన్న ఆయన బొమ్మల పుస్తకం వచ్చింది. అందులో గురువుగా నా ఫొటో వేశారు. అక్క దాన్ని చూసి, "బాగుండావురా. కలం మాత్రం వేపపుల్ల మాదిరి పట్టుకున్నావు" అని నవ్వింది.

వెంటనే ఆయనకు ఫోన్ చేసి నిజం చెప్పాను. తర్వాత అక్క దగ్గర కూర్చుని, "నీకు రావాల్సిన పేరు నేను తీసుకున్నా. తప్పు చేసినానక్కా, మన్నించు" అన్నాను.