ప్రసాదం తిండి కాదనుకున్న రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పసిబిడ్డ నోటికి కొత్త తిండి అందాలంటే ముందు గోడ మీద దాని బొమ్మ పడాలి. మాది చంద్రగిరిలో మట్టిగోడల ఇల్లు. ఉయ్యాల పక్కనున్న గోడకు సున్నం కొట్టించి, దాని మీద ఇంకెవరూ చెయ్యి పెట్టకూడదని మా అవ్వ ఆజ్ఞ వేసింది. అవ్వ అంటే మా నాయనను కన్న తల్లి. ఆమెకు చదువు రాదు. నాకు వచ్చినదీ నాలుగో తరగతి వరకే. తమ్ముడు పుట్టాక వాణ్ణి ఎత్తుకునే పని నా చంకకు వచ్చింది, బడి పోయింది. పోయిన బడికి బదులు అవ్వ నాకొక ఉద్యోగం ఇచ్చింది. తమ్ముడికి ఏ కొత్త వస్తువు పెడితే దాని బొమ్మ నేను బొగ్గుతో గోడ మీద గీయాలి. దాని కింద దినానికొక గీత. మూడు గీతలు పడేదాకా మరో కొత్త వస్తువు వాడి నోటికి తగలకూడదు.

"అన్నీ ఒకేతూరి పెడితే, బిడ్డకు ఒళ్ళు చెడినప్పుడు ఏది చెరిపిందో యాడ తెలస్తాది? ఒకటి పెట్టు, మూడు దినాలు సూడు" అనేది అవ్వ. ఆమెకు ఆ మాట ఎవరు చెప్పారో తెలియదు. ఆరుగురు బిడ్డల్ని పెంచింది కాబట్టి ఎవరూ చెప్పనక్కరలేదేమో.

ఆరో నెలలో అన్నప్రాశన చేసి పాయసం నాకించాక గోడ నిండడం మొదలైంది. మెత్తగా పిసికిన అన్నం, పెసరపప్పు కట్టు, పలచటి రాగి గంజి, అరటిపండు. అన్నం బొమ్మ ఎలా గీయాలో తెలియక చుక్కలు పెట్టాను. రాగి గంజికి గిన్నె గీసి లోపల నల్లగా రుద్దాను. అవ్వ దగ్గరికి వచ్చి చూసి, "బొగ్గంతా దానికే అరగ్గొడ్తివే, పొయ్యిలోకేం పెట్టేది?" అని నా నెత్తిన మొట్టింది. ఆమె మొట్టడం కూడా పొదుపే, ఒక్కటి కంటే ఎక్కువ ఉండేది కాదు.

తమ్ముడికి ఏడో నెల. ఉడకబెట్టిన గెణుసుగడ్డ, అదే చిలగడదుంప, మొదలుపెట్టి మూడో దినం. పొద్దున్నే నేను మూడో గీత గీసి గర్వంగా బొగ్గు కింద పెట్టానో లేదో, మా మామ వాకిట్లోకి వచ్చాడు. మామ అంటే అమ్మకు అన్న. అలిపిరి నుంచి నడిచి కొండెక్కి, తలనీలాలిచ్చి, గుండుకు చందనం పూసుకుని, అటు నుంచి అటే మా ఇంటికి వచ్చాడు. తమ్ముడు ఆ గుండును చూసి ముందు బిత్తరపోయాడు, తర్వాత రెండు చేతులతో దాని మీద దరువు వేశాడు. మామ వంగి కూర్చున్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వాం. అవ్వ కూడా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మామ తెచ్చిన లడ్డును అవ్వ తన చేత్తో పంచింది. ఒక లడ్డు పదమూడు ఇళ్ళకు రావాలని ఆమె లెక్క, కాబట్టి నా వంతుకు గోరంత వచ్చింది. ఆ గోరంతలో నా అదృష్టం కొద్దీ సగం జీడిపప్పు ఉంది. నేను పొడి తినేసి, పప్పును మాత్రం దాచుకుని ఉయ్యాల దగ్గరికి పోయాను. ఇంత మంచి వస్తువును ఒక్కదాన్నే తినడానికి మనసొప్పలేదు. పంటితో కొరికి, వేళ్ళతో నలిపి, మెత్తగా చేసి తమ్ముడి నాలుక మీద పెట్టాను. వాడు నా వేలు వదలకుండా చప్పరించి, బోసి నోటితో నవ్వాడు. గోడ సంగతి నాకు గుర్తుకే రాలేదు. ప్రసాదం తిండి కాదు కదా!

అవ్వ ఆ పదమూడు ఇళ్ళూ తిరిగి రాకముందే తమ్ముడి మూతి చుట్టూ ఎర్రటి దద్దుర్లు లేచాయి. చూస్తుండగానే మెడ మీదికి పాకాయి. ఒక కంటి రెప్ప ఉబ్బింది. తాగిన పాలన్నీ కక్కాడు. "మా అన్న గుండుతో ఆడుతుంటే అందరూ సూస్తిరి, దిష్టి తగిలినాది" అని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తీసింది. అంతలో అవ్వ వచ్చి, ఆ మిరపకాయల్ని అమ్మ చేతిలోంచి లాక్కుంది. "దిష్టి తర్వాత తీద్దువు, బిడ్డనెత్తు" అంది. పోతూపోతూ గోడ వంక ఒకసారి చూసింది. గెణుసుగడ్డ బొమ్మ, దాని కింద మూడు గీతలు, అంతే.

డాక్టరు రెండు వీధుల అవతల ఉండేవాడు. నాయన బిడ్డనెత్తుకుని పరుగు, వెనక మేమంతా, మా వెనక చందనపు గుండుతో మామ. డాక్టరు సూది వేసి, కాసేపు ఇక్కడే ఉండండి అని వరండాలో కూర్చోబెట్టాడు. దద్దుర్లు మెల్లగా పలచబడుతున్నాయి. అప్పుడు అడిగాడు, కొత్తగా ఏం తిన్నాడమ్మా అని. అందరూ ఒకే మాట చెప్పారు. గెణుసుగడ్డ తప్ప ఏమీ తినలేదు. నేనూ తల ఊపాను. అబద్ధమని నాకనిపించలేదు, వాడు తిననే లేదు కదా.

డాక్టరు ఒప్పుకోలేదు. మూడు దినాలుగా ఒంటికి పడిన గడ్డ ఇప్పుడెందుకు చెరుపు చేస్తుంది, ఇంకేదో ఉంది, అదేమిటో తెలుసుకోండి అన్నాడు. ఇప్పుడు దద్దుర్లతో పోయింది, తెలియక మళ్ళీ పెడితే ఊపిరి అందకపోవచ్చు అని కూడా చెప్పాడు. ఆ మాటతో నాకు లడ్డు గుర్తొచ్చింది. చెబుదామంటే అవ్వ ముఖం రాతిలా ఉంది. చెప్పకపోతే తమ్ముడు. అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

అవ్వ మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూసింది. తిడుతుందనుకున్నాను. ఆమె నేల మీద చతికిలబడి, తమ్ముడి పాదం పట్టుకుని, "తినింది సంగతి ఇడిసిపెట్టండి. వీని నోట్లో ఏం పడినాదో చెప్పండి. ముందు నాది చెప్తా. పొద్దున నా కాఫీలో వేలు ముంచి నాకించినా" అంది.

అమ్మ నోరు తెరిచి, "అత్తా! నువ్వా?" అంది.

"నేనే. ముసలిదానికి బుద్ధి ల్యాకపాయ. నీదేందో చెప్పుమే."

అమ్మ ఎర్రబడింది. నిన్న చింతపండు రసం ఒక చుక్క వేసిందట, "మూతి ఎట్ట పెడతాడో సూద్దామని" అంది. నాయన గొంతు సవరించుకుని, మొన్న బెల్లం గడ్డ చీకించానన్నాడు. అవ్వ మామ వైపు తిరిగింది. "నేను ఇప్పుడే గదా వస్తిని, నాకేం తెలుసు" అని మామ మొదలుపెట్టి, తల తడుముకుని, "సందనం నాకినాడత్తా. నా గుండు మీదిది" అన్నాడు. డాక్టరు మొహం పక్కకు తిప్పుకున్నాడు, భుజాలు కదిలాయి. అంత భయంలోనూ అమ్మ ఫక్కుమంది.

నా గోడ మీద లేని తిండి ఇంత ఉందా అని నేను తెల్లబోయాను. పెద్దవాళ్ళందరూ దొంగలే అయ్యాక నా ఒక్కదాని దొంగతనం చిన్నదైపోయింది. "నేను జీడిపప్పు పెట్టినా. ప్రసాదంలోది" అని ఏడుస్తూ చెప్పాను.

అవ్వ మొట్టలేదు. డాక్టరును చూసింది. ఎంతసేపటి కింద, ఎంత ముక్క అని ఆయన నన్నే అడిగాడు, పెద్దదాన్ని అడిగినట్టు. నేను చెప్పాను. అదే అయ్యుంటుంది, ఇకమీదట వీడి నోటికి జీడిపప్పు పొడి కూడా తగలకూడదు అన్నాడు. అమ్మకు మాత్రం మనసు కుదుటపడలేదు. స్వామి ప్రసాదం బిడ్డకు చెరుపు చేస్తుందా అని కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "ప్రసాదం కాదుమే, పప్పు. ఆ పప్పు పడని ఒళ్ళు ఇచ్చింది కూడా ఆ స్వామే గదా. వీడు కండ్లకద్దుకోని పక్కనోళ్ళకిస్తాడు, పుణ్యం యాడికీ పోదు" అంది అవ్వ.

ఇంటికొచ్చాక బొగ్గు నా చేతికిచ్చింది. జీడిపప్పు గీశాను, నెలవంకలా వచ్చింది. దాని మీద అడ్డంగా గీటు మాత్రం అవ్వ తన చేత్తో పెట్టింది. ఆమె ఆ గోడ మీద గీసింది అదొక్కటే. మా తమ్ముడికి ఇప్పుడు తల నెరిసింది. ఇప్పటికీ లడ్డును కళ్ళకద్దుకుని నా చేతిలో పెడతాడు. ఇన్నేళ్ళుగా వాడి వంతు కూడా నేనే తింటున్నాను, నష్టపోయిందేమీ లేదు.

నా పెద్ద కొడుక్కి అన్నం ముట్టించిన ఏడు, పుట్టింటికి పోయినప్పుడు అవ్వను అడిగాను, ఆ రోజు నిజంగానే కాఫీ నాకించావా అని. అవ్వ పళ్ళు లేని నోటితో నవ్వింది. "ఏడు నెలల బిడ్డకు కాఫీ పోస్తానా? నాకే సాలదే! నేను ముందు దొంగనైతేనే గదా మీరు నోరిప్పేది" అంది.

పోయిన నెల మా మనవడికి ఒళ్ళంతా దద్దుర్లు. కోడలు బిడ్డకు పెట్టేవన్నీ ఫోన్‌లో రాసుకుంటుంది, అందులో కొత్తదేమీ లేదంది. కొడుకును అడిగితే వాడూ ఏమీ తెలియదన్నాడు. నేను కుర్చీలోంచి లేచి, నేను కాఫీలో వేలు ముంచి నాకించాను అన్నాను. కోడలు నన్ను చూసిన చూపు మరిచిపోలేను. కానీ ఆ వెనకే నా కొడుకు, తన పళ్ళెంలోని గుడ్డు ముక్క చిదిపి పెట్టానని నసిగాడు. డాక్టరుకు అదే చెప్పాం. బిడ్డ తేరుకున్నాడు.

అప్పటి నుంచి నేను కాఫీ గ్లాసు పట్టుకుంటే చాలు, కోడలు పిల్లవాణ్ణి పక్కకు లాక్కుంటోంది. లాక్కోనీ. నిజం నేనింకా చెప్పలేదు. మళ్ళీ ఎప్పుడు అవసరం పడుతుందో.